వెనక సీటు సర్టిఫికెట్

మా నాన్న గాజు సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసేవాడు. దీపం పెట్టె ముందు కూర్చుని, బెల్టు మీద వరసగా వచ్చే సీసాలని ఆ వెలుతురులో చూసి, బుడగున్నదాన్నీ గీత పడ్డదాన్నీ మూతి వంకర తిరిగినదాన్నీ వేలితో పక్కకి తోసేయడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఫ్యాక్టరీ ఆయన్ని వదిలేసింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఇంట్లో ఆయన కంటపడ్డ ప్రతిదీ ఆ బెల్టు మీద వస్తున్నట్టే. కాఫీ చల్లారింది, ఫ్యాను ఊగుతోంది, దిండు ఎత్తు, కుర్చీ పల్లం, వార్తలు చదివే అమ్మాయి సగం మాటలు మింగేస్తోంది. అమ్మ బతికున్న రోజుల్లో ఆయన నోరెత్తకుండా భోంచేశాడంటే ఆ పూట వంట కుదిరినట్టు లెక్క. ఆయన నోటి నుంచి మెచ్చుకోలు వస్తుందని మేమెవరం ఎప్పుడూ కాచుక్కూచోలేదు. వంక రాకపోతే అదే మాకు పతకం.

అమ్మ పోయాక ఆయన మా దగ్గరకొచ్చేశాడు. కింద షెడ్డు, పైన ఇల్లు. నేనూ మా ఆయనా కలిసి, దూరప్రయాణాలకి వాడే పెద్ద బైకుల్ని బాగుచేస్తాం. పానాలు ఆయనవి, కంప్యూటరు నాది. ఇంజన్‌కి ఎంత గాలికి ఎంత పెట్రోలు అందాలి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలి అని లోపల ఒక పట్టిక ఉంటుంది, దాన్ని మ్యాపు అంటాం. ఆ మ్యాపు దిద్దడం నా పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కస్టమర్లందరికీ తెలుసు. మొహం చిట్లించుకుంటూ అయినా వస్తారు, పని కావాలి కదా మరి.

నాన్నని మొదటిసారి బైకెక్కించింది మా ఆయనే. అమ్మ పోయిన కొత్తలో నాన్న కిటికీ దగ్గర నుంచి కదిలేవాడు కాదు. ఒకరోజు మా ఆయన పైకెళ్ళి, మాటా పలుకూ లేకుండా ఆయన నెత్తిన హెల్మెట్ పెట్టి, బెల్టు బిగించి, చెయ్యి పట్టుకుని కిందకి తీసుకొచ్చాడు. సాయంత్రం తిరిగొచ్చాక నాన్న అరగంట సేపు ఏకరువు పెట్టాడు. రోడ్డుకి మలుపులెక్కువ, హెల్మెట్‌లో ఎవరిదో తలనూనె వాసన, అల్లుడు గేరు మార్చినప్పుడల్లా మెడ పట్టేస్తోంది. మళ్ళీ సెలవు రోజు వచ్చేసరికి అందరికంటే ముందు లేచి, షూ వేసుకుని, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అప్పట్నుంచి ఆ వెనక సీటు ఆయన సొంతం. నేను షెడ్డు చూసుకుంటాను, వాళ్ళిద్దరూ తిరిగొస్తారు.

వాళ్ళకొక పెద్ద ప్రయాణం ఆలోచన ఉంది. కొండ దారి ఎక్కి దిగితే అవతల ఒక సరస్సు. నాన్న ఫ్యాక్టరీకి ఇసక ఆ సరస్సు ఒడ్డు నుంచే లారీల్లో వచ్చేది.

"జన్మంతా దాన్ని సీసాలుగానే చూశాను. ఒక్కసారి ఇసకగా చూడాలి" అనేవాడు నాన్న.

"చూసి ఏం చేస్తారు మావయ్యా?"

"ఏం చేస్తానా? అందులో ఇనుము ఎక్కువయ్యా. అందుకే మా సీసాలన్నీ పచ్చగా వచ్చేవి. దాని సంగతేంటో అక్కడే తేల్చుకుంటా."

ఇసకతో కూడా పోట్లాట పెట్టుకునే మనిషి ఆయన. కానీ ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం విప్పారేది. ఆ విప్పారిన మొహం కోసమే మేమిద్దరం ఆ ప్రయాణం సంగతి మళ్ళీ మళ్ళీ కదిపేవాళ్ళం.

బైకు మాత్రం ఆ కొండకి సిద్ధంగా లేదు. ఇద్దరు మనుషులు, రెండు పక్కలా నిండు పెట్టెలు పెట్టుకుని ఎత్తెక్కుతుంటే రొప్పేది. పైగా ట్రాఫిక్‌లో నిలబడితే రేడియేటర్ ఫ్యాను వేడిగాలంతా నడిపేవాడి మోకాళ్ళ మీదకి కొట్టేది. మా ఆయన ఇంటికొచ్చి తొడల మీద తడిగుడ్డ వేసుకునేవాడు. శక్తి పెరగాలి, వేడి తగ్గాలి అని అడిగాడు. అందరు కస్టమర్లూ అడిగేది ఇదే, కాకపోతే వాళ్ళని కసిరినట్టు మొగుణ్ణి కసరలేం కదా.

చేశాను. బైకు తయారుచేసే వాళ్ళు పెట్రోలు పొదుపు కోసం గాలి పాలు ఎక్కువ పెడతారు, దాంతో ఇంజన్ మరీ వేడెక్కుతుంది. మ్యాపులో అది సరిచేశాను. గాలి ధారాళంగా పీల్చే ఫిల్టరు వేశాం. బరువైన పాత పొగ గొట్టం తీసేసి తేలికదీ, కాస్త ఎత్తుగా ఉండేదీ బిగించాం. ఆయిల్ చల్లబడడానికి చిన్న కూలర్ పెట్టాం. ఫ్యాను ముందే తిరగడం మొదలెట్టేలా మార్చాను. ఇంజన్ నుంచి బయటికొచ్చే గొట్టాలకి, మా ఆయన మోకాళ్ళ దగ్గర, వేడిని ఆపే గుడ్డపట్టీ గట్టిగా చుట్టాం. అన్నీ అయ్యాక ముందు వైపు అడుగడుగునా కొలతవైరు పెట్టి వేడి చూశాను. ఎక్కడా వంక లేదు.

వెనక వైపు మాత్రం వైరు పెట్టలేదు. వెనక నాన్న ఉన్నాడు కదా! కాఫీ ఒక్క గుక్క తాగి పాలు ఏ పూటవో చెప్పగల మనిషి ఉండగా వైరెందుకు?

ఇద్దరూ ఊరంతా తిరిగి, రద్దీలో నిలబడి, వంతెన మీద ఎక్కించి దింపి వచ్చారు. మా ఆయన హెల్మెట్ తీస్తూనే, "మోకాళ్ళు ఏసీలో పెట్టినట్టున్నాయి!" అని గాల్లో తేలిపోయాడు. నేను నాన్న వైపు తిరిగాను.

"వెనకాల ఎలా ఉంది నాన్నా?"

ఆయన నింపాదిగా దిగాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. బైకు చుట్టూ ఒకసారి నడిచాడు.

"బాగుంది" అన్నాడు.

నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నా పెళ్ళిలో ఆయన అన్న ఒకే ఒక్క మాట, మైకు కీచుమంటోందని. అలాంటి మనిషి నోట బాగుంది అన్న మాట! మా ఆయన ఎగిరి గంతేసినంత పనిచేసి, స్టూలెక్కి, షెడ్డు గోడ మీది బోర్డులో, ఇవే మార్పులు కావాల్సిన వాళ్ళ కోసం పెద్దక్షరాలతో 'మావయ్య కిట్' అని రాసేశాడు. దాని కింద చిన్నక్షరాలతో 'వెనక సీటు సర్టిఫికెట్ కలదు' అని కూడా. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వుతూనే బిగించుకుని వెళ్ళేవాళ్ళు. మావయ్య ఎవరని అడిగితే పై కిటికీ చూపించేవాళ్ళం.

ఆ రోజుల్లో నాన్న వంకలు కొంచెం దారి మార్చాయి. ఇంట్లో చెప్పులు మానేసి పొద్దస్తమానం షూతోనే ఉండేవాడు. ఈ కాలం చెప్పులకి పట్టు లేదు, ఎక్కడ జారిపోతాయో తెలీదు అనేవాడు. మెట్లు దిగుతూ ప్రతి మెట్టునీ వంగి చూసేవాడు, మేస్త్రీ సమంగా కట్టలేదనేవాడు. స్నానానికి నీళ్ళు తోడితే చెయ్యి ముంచి చూసి గానీ కాలు పెట్టేవాడు కాదు. కొత్త వంకలు వెతుక్కుంటున్నాడని నవ్వుకున్నాం.

ఒక మధ్యాహ్నం ఒకావిడ షెడ్డుకి వచ్చింది. ఈత నేర్పే టీచరు. ఆవిడ భర్త బైకుకి మేం మావయ్య కిట్ బిగించాం. వాళ్ళు కొండ దారి తిరిగి అంతకుముందు రోజే వచ్చారు. ఆవిడ పలకరింపులేవీ పెట్టుకోకుండా కుడి కాలెత్తి నా స్టూలు మీద పెట్టి, ప్యాంటు పైకి మడిచింది. పిక్క లోపలి వైపు అరచెయ్యంత మేర ఎర్రగా కమిలిపోయి ఉంది.

"మీ మావయ్యగారు ఎవరో గానీ, ఒకసారి పిలవండి. ఆయన కాలు చూడాలి" అంది.

నాకు చుర్రుమంది. "మీరు కాలు గొట్టానికి ఆనించి కూర్చుని ఉంటారండీ."

"ఆనించలేదు. ఆనిస్తే ఈపాటికి మీతో ఇలా మాట్లాడనుగా. ఎత్తెక్కేటప్పుడు పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది. నమ్మకపోతే మీరే కూర్చుని చూడండి."

"మా నాన్న రోజూ కూర్చుంటారు. ఆయనకి లేని వేడి మీకొక్కరికే ఎక్కణ్ణుంచొచ్చింది?"

"అదే నేనూ అడుగుతున్నా."

ఆవిడ వెళ్ళాక కూడా నా నోరు ఆగలేదు. కస్టమర్లకి కళ్ళు నెత్తికెక్కాయని మా ఆయన మీద అరిచాను. ఆయన మా బైకు బయటికి తీసి, వెనక సీటు తట్టాడు. ఎక్కాను.

వంతెన మీద ఎత్తెక్కడం మొదలయ్యేదాకా ఏమీ లేదు. తర్వాత పిక్క పక్కన గోరువెచ్చగా తగిలింది. ఆ తర్వాత వెచ్చదనం కాదు. పైకి చేరేసరికి కాలు పైకెత్తి గాల్లో పెట్టుకుని, మా ఆయన వీపు మీద గుద్దుతున్నాను.

బండి పక్కకి ఆపి చూస్తే విషయం చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేంత తేలిక. గుడ్డపట్టీ చుడితే వేడి చచ్చిపోదు. ముందు వైపు బయటికి రావాల్సింది గొట్టంలోనే ఉండి, చివరిదాకా ప్రయాణం చేసి, వెనకున్న సైలెన్సర్ డబ్బాలో దిగుతుంది. కొత్త పొగ గొట్టంతో ఆ డబ్బాని మేం ఎత్తులో పెట్టాం. దాని పక్కనే సామాన్ల పెట్టె, గాలి ఆడదు. మధ్యలో మనిషి పిక్క. మా ఆయన మోకాళ్ళ మీంచి తీసిన వేడిని మోసుకెళ్ళి నాన్న కాలి దగ్గర పెట్టాం.

అప్పుడు గానీ నాకు నాన్న కాలు గుర్తుకు రాలేదు. 

ఇంటికొచ్చి మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. నాన్న కిటికీ దగ్గర కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. కాళ్ళకి షూ.

"ఆ షూ విప్పు నాన్నా."

"ఇప్పుడెందుకు? మళ్ళీ లేసులెవడు కడతాడు?"

"నేను కడతాలే."

"నీ ముడి నిలవదు."

కింద కూర్చుని కుడి షూ లాగేశాను. ప్యాంటు పైకి మడిచాను. మేజోడు పైన, పిక్క లోపలి వైపు ప్లాస్టర్ అంటించి ఉంది. కత్తెరతో నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించిన ప్లాస్టర్, అంత శుభ్రంగా కత్తిరించేది ఆయనే. దాని అంచుల నుంచి చీము. పీకాను. నేను కళ్ళు మూసుకున్నాను గానీ ఆయన ఉలిక్కి కూడా పడలేదు.

"నొప్పి లేదా?"

"లేదు."

"ఎప్పట్నుంచి?"

"బొబ్బ ఈమధ్యే. తగ్గిపోతుంది."

"బొబ్బ గురించి కాదు నేనడిగేది."

ఆయన కిటికీలోంచి కింద బోర్డు వైపు చూశాడు. "అమ్మ పోయినప్పట్నుంచే కొంచెం కొంచెంగా. ముందు వేళ్ళు, తర్వాత పాదం. ఇప్పుడు పైకొచ్చింది" అన్నాడు.

ఆ రోజు బాగుంది అన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకి వేడి తెలియలేదు. తర్వాత బొబ్బ చూసుకున్నాక మాత్రం అది ఎక్కడిదో తెలియనంత అమాయకుడు కాదు. తెలిసే ఊరుకున్నాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క బుడగని వదలని మనిషి ఈ ఒక్క సీసాని చూసీ చూడనట్టు బెల్టు మీద ముందుకి పోనిచ్చాడు. ఎందుకో నాకు చెప్పక్కర్లేదు. చెబితే సీటు పోతుంది, సరస్సు పోతుంది.

"కింద అంతమందికి అదే బిగించి పంపాం నాన్నా. వాళ్ళ కాళ్ళో?"

"వాళ్ళ కాళ్ళు వాళ్ళకి చెబుతాయిగా" అన్నాడు మెల్లగా. అని తల దించుకున్నాడు. ఆయన తల దించుకోవడం నేను అంతకుముందు చూడలేదు. అప్పటిదాకా తన్నుకొస్తున్న కోపం ఎటు పోయిందో, ఏడుపొచ్చింది. ఆయన కాలు ఒళ్ళో పెట్టుకునే ఏడ్చాను.

డాక్టరమ్మ షుగరు పరీక్ష చేసి, కాళ్ళకి స్పర్శ పోయింది ఆ షుగరు వల్లేనని చెప్పి, పుండు కడిగి, ఇంకొన్నాళ్ళు ఇలాగే షూలో దాచి ఉంటే కాలు మాట ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళంది. తర్వాత నాన్నని కళ్ళు మూసుకోమని, ఒక సన్నటి గట్టి దారం ముక్క పాదం మీద అక్కడక్కడా తాకిస్తూ, తెలిసినప్పుడు చెప్పమంది.

"ఆఁ" అన్నాడు నాన్న. కొంచెం ఆగి మళ్ళీ "ఆఁ." మళ్ళీ "ఆఁ."

మూడోసారి డాక్టరమ్మ దారం గాల్లోనే పట్టుకుని ఉంది. ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. నాన్న మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని, పరీక్ష పాసైపోవాలని చూసే పిల్లాడిలా, తర్వాతి "ఆఁ" ఎప్పుడనాలా అని ఆలోచిస్తున్నాడు. ఆ మొహం నేను మర్చిపోలేను.

ఇంటికొచ్చాక ఆయన వంకలు పెట్టడం మానేశాడు. కట్టు బిగుతుగా ఉందనలేదు, మందు చేదనలేదు. ఉప్పు మర్చిపోయిన కూర కూడా మారుమాట్లాడకుండా తినేశాడు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు భయమేసింది.

కింద మా ఆయన బోర్డు చెరిపేశాడు. కిట్ బిగించుకున్న అందరినీ పిలిపించాం. ఒకాయన చేతులూపుకుంటూ కేకలేశాడు, నేను తిరిగి ఒక్క మాటనలేదు. ఈత టీచరుకి నేనే ఫోను చేసి, నాన్న కాలి సంగతి చెప్పాను.  "ఆయన్ని తిట్టకండి" అంది ఆవిడ.

ప్రతి బైకుకీ గుడ్డపట్టీ విప్పేశాం. వెనక డబ్బాని కిందకి దించి, దానికీ కాలికీ మధ్య గాలి ఆడేలా అల్యూమినియం రేకు నిలబెట్టాం. పక్క పెట్టెలు కొంచెం బయటికి జరిపాం. మ్యాపులో నేను పెంచిన శక్తిలో కొంత వెనక్కి తీసుకున్నాను. ఎత్తులో కొంచెం రొప్పితే రొప్పనీ అనుకున్నాను.

మా బైకు మాత్రం అలాగే పక్కన పడి ఉంది.

"మావయ్యని ఇక ఎక్కించను. ఆ పాపం నావల్ల కాదు. సరస్సుకి కారులో తీసుకెళ్దాం" అన్నాడు మా ఆయన.

"కారులో ఆయన వస్తాడా?"

"రాకపోతే మానేద్దాం. నువ్వు మాత్రం ఎలా ఒప్పుకుంటున్నావు?"

నాకూ ఒప్పుకోవాలని లేదు. కానీ డాక్టరమ్మ కూర్చోవద్దనలేదు. వేడికి దూరంగా ఉంచమంది, రోజూ కాలు చూడమంది. ఆ సీటు కోసం మనిషి కాలినే తాకట్టు పెట్టాడు. అది కూడా లాక్కుంటే ఆయన మళ్ళీ కిటికీకి అతుక్కుపోతాడు. ఆ కిటికీ నేను చూశాను. అదే చెప్పాను మా ఆయనకి. ఆయన నేల చూపులు చూస్తూ పానా అందుకున్నాడు.

మిగతా బైకులకి చేసినవన్నీ దీనికీ చేశాం. దీనికి ఇంకొకటి కూడా. నాన్న పిక్క ఆనే చోట కొలతవైరు పెట్టి, దాని అంకె కనిపించేలా చిన్న తెర ఆయన కళ్ళ ముందు, పట్టుకునే కడ్డీకి బిగించాను. వేడి హద్దు దాటితే అంకె ఎర్రగా మారుతుంది. ముందు నేనే కూర్చుని, ఆ వంతెన ఎక్కి దిగాను. ట్రాఫిక్‌లో నిలబడ్డాను. వచ్చి కాలు చూసుకున్నాను.

పుండు పూర్తిగా మానాక నాన్నని కిందకి పిలిచాను. తెర చూపించి, ఎర్రబడితే అల్లుడి భుజం తట్టమన్నాను. విన్నాడు. ఏమీ అనకుండా ఎక్కాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగిందాకా చూసి, లోపలికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను గానీ పని ఒక్కటీ సాగలేదు.

తిరిగొచ్చారు. మా ఆయన ఇంజన్ ఆపి దిగకుండానే కూర్చున్నాడు. నాన్న నింపాదిగా దిగి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది నాన్నా?" అడిగాను.

"ఆ అంకెలు మరీ చిన్నవి. ఎండ పడితే కనబడి చావవు" అన్నాడు. "సీటు గట్టిపడింది, నడుం పట్టేసింది. నీ మొగుడు బ్రేకేస్తే నా నెత్తి వెళ్ళి అతని నెత్తికి కొట్టుకుంటోంది. ఇలాగైతే సరస్సు చేరేసరికి ఇద్దరికీ బుర్రలు మిగలవు."

మా ఆయన హెల్మెట్ లోపలే నవ్వడం వినిపించింది.

"కాలు?" అన్నాను.

 నాన్న తెర వైపు చూశాడు. తన షూ వైపు చూశాడు. నాకు తెలిసి, ఏ వస్తువు గురించైనా ఆయన దగ్గర తీర్పు లేకపోవడం అదే మొదటిసారి.

"కాలు సంగతి నాకు తెలీదమ్మా" అన్నాడు. "నువ్వే చూసి చెప్పు."

స్టూలు తెచ్చి వేశాను. కూర్చున్నాడు. నేను కింద కూర్చుని లేసులు విప్పి, షూ తీసి, మేజోడు లాగి, ప్యాంటు మోకాలి దాకా మడిచాను. పాత మచ్చ లేత రంగులో ఉంది. దాని చుట్టూ అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. మడమ చూశాను, వేళ్ళ మధ్య చూశాను.

"బాగుంది నాన్నా" అన్నాను.

"సరిగ్గా చూశావా? అలా నీడలో కాదు. వెలుతురులోకి తిప్పి చూడాలి."

స్టూలు వాకిలి వైపు జరిపి, కాలు వెలుతురులోకి తిప్పి, మళ్ళీ మొదట్నుంచీ చూశాను.